సెలవు పెట్టని మొగులయ్య

నేను ఇన్నేళ్ళుగా మోస్తున్నది ఒక్క మాట. కంప్యూటర్ తప్పు చెయ్యదు. అంతే, మూడు ముక్కలు. ఆ మాట అన్నది నేను. అన్నప్పుడు అది అబద్ధమని నాకు తెలుసు. ఆ అబద్ధం వల్ల ఒక అక్కకూ తమ్ముడికీ మధ్య రాకపోకలు ఆగిపోయాయని తర్వాత తెలిసింది. తెలిసి కూడా ఊరుకున్నాను. ఊరుకోవడం నాకు బాగా వచ్చు.

మీకెందుకు చెబుతున్నాను? మీరు నన్ను ఎరగరు కాబట్టి. ఎరిగినవాళ్ళకు చెప్పబోయి చాలాసార్లు ఆగిపోయాను. మా వారితో ఒకసారి మొదలుపెడితే "ఎప్పటిదో కదా, ఇప్పుడెందుకు" అని పేపరు తిప్పేశారు. మా చెల్లెలు లెక్కల టీచరు. దానికి లెక్క వరకే చెప్పాను, మనుషుల సంగతి మింగేశాను. అది తప్పు ఎక్కడుందో చటుక్కున పట్టుకుని "ఓస్ ఇంతేనా" అంది. ఇంతే అయితే నాకీ తంటా ఎందుకు?

ఇప్పుడు ఏ ఆఫీసుకు వెళ్ళినా కిటికీ అవతల కూర్చున్న పిల్ల, ఎదురుగా నిలబడ్డ ముసలాయనతో "సిస్టంలో మీ పేరు లేదు" అంటుంది. ఆయన చేతిలో కాగితాలన్నీ ఉంటాయి. మనిషి నిలువునా ఎదురుగానే ఉంటాడు. అయినా పేరు లేదు. నాకు ఒళ్ళు మండిపోతుంది. ఆ పిల్ల మీద కాదు. ఆ పిల్లకు ఆ మాట నేర్పినవాళ్ళలో నేనూ ఉన్నాననిపిస్తుంది.

సరే, మొదటినుంచీ చెబుతాను. నాకు వంకరటింకరగా చెప్పడం అలవాటు, కొంచెం ఓపిక పట్టండి.

ఎనభైల చివరి సంగతి ఇది. మాది వికారాబాదు. హైదరాబాదులో కంప్యూటర్ కోర్సు ఒకటి చదివి, తాండూరు అవతల ఒక కార్ఖానాలో ఉద్యోగంలో చేరాను. కార్ఖానా పేరు చెప్పను, తప్పు దానిది కాదు. పొద్దున్నే ప్యాసింజరు ఎక్కి తాండూరులో దిగి, అక్కడినుంచి కంపెనీ బస్సులో వెళ్ళేదాన్ని. కంప్యూటర్ గదిలోకి ఎవరు వచ్చినా చెప్పులు బయట విడవాలి. దుమ్ము పడకూడదని మా మేనేజరు పెట్టిన నియమం. కార్ఖానా అంతా దుమ్ముకు దగ్గుతుంటే మేము మాత్రం ఏసీలో చల్లగా కూర్చునేవాళ్ళం. ఆ చల్లదనం మిషన్ కోసం, మా కోసం కాదు. అయినా దాని గొప్ప మాకూ అంటుకుంది. నాకు మరీ ఎక్కువగా అంటుకుంది.

ధారూరులో ఇద్దరు ఎక్కేవారు. అనంతయ్య, మొగులయ్య. బావా బామ్మర్దులు. అనంతయ్య మా కార్ఖానాలో టైమాఫీసు గుమాస్తా. ఎవరు డ్యూటీకి వచ్చారు, ఎవరు నాగా పెట్టారు, ఎవరు సెలవు చీటీ ఇచ్చారు అన్నదంతా ఆయన చేతిమీదుగానే మా గదికి వచ్చేది. మొగులయ్య లోడింగులో టెంపరరీ పనివాడు. తల్లీ తండ్రీ లేరు, పెళ్ళి కాలేదు. అక్క బాలమణే అతనికి అన్నీ. అనంతయ్య భార్య ఆమే. ఇద్దరి డబ్బాలూ ఆమే కట్టి పంపేది. జొన్నరొట్టె, పుంటికూర, అదే గోంగూర, ఎప్పుడైనా కందిపప్పు. రైల్లోనే సగం తినేసేవారు. నేనూ ఎన్నోసార్లు తిన్నాను. ఆ పుంటికూర రుచి ఇప్పటికీ గుర్తుంది, అది కూడా నాకో శిక్ష.

మొగులయ్యకు ఒకటే కోరిక. పర్మినెంటు కావాలి. జీతం కోసం కూడా, కానీ అంతకన్నా ఎక్కువగా గేటు కోసం. పర్మినెంటు వాళ్ళు తిన్నగా లోపలికి పోయేవారు. టెంపరరీ వాళ్ళు మాత్రం గేటు దగ్గర వరసలో నిలబడి, డబ్బా మూత తీసి వాచ్‌మన్‌కు చూపించాలి. వచ్చేటప్పుడూ, పోయేటప్పుడూ. వాచ్‌మన్ ఒక్కోసారి వేలు పెట్టి రొట్టె ఎత్తి చూసేవాడు. అక్క కట్టిన రొట్టెలో వాడు వేలు పెట్టడం మొగులయ్యకు చచ్చేంత కష్టంగా ఉండేది.

"నీ డబ్బా నాకియ్యి ర, నేనైతే తెరవకుంట తీస్కపోత" అనేవాడు అనంతయ్య.

"వద్దు బావా. నా డబ్బా నేనే తీస్కపోత. ఒకదినం తెరవకుంటనే తీస్కపోత."

అందుకే ఆ మనిషి సెలవు పెట్టలేదు. పర్మినెంటు చేసేటప్పుడు హాజరు చూస్తారని ఎవరో చెప్పారు. అంతే, ఇక పట్టు పట్టాడు. మా వైపు సంగతి మీకు తెలుసో లేదో, కంది కోతలకు కార్ఖానా సగం ఖాళీ అవుతుంది. పెళ్ళిళ్ళకు, జాతరకు, బోనాలకు, చావుకు, బతుకుకు అందరూ ఊరికి పోవలసిందే. ఇతను పోలేదు. జ్వరం వచ్చినా వచ్చాడు. ఆ ఏడాది పాత టెంపరరీ వాళ్ళలో ఒక్క సెలవు కూడా పెట్టనివాడు ఇతనొక్కడే. రైల్లో ఒకసారి నాతో అన్నాడు, "పర్మినెంట్ అయిననంటే ఒక్కదినం సుట్టి పెడ్త అమ్మా. మా అక్క బిడ్డ పుట్టెంటికలున్నయి. మేనమామను గద, నా ఒళ్లనే కూసోవెట్టాలె."

ఒక్క రోజు సెలవు. అంతే అతని ఆశ.

ఇక్కడ కొంచెం పని గోల చెప్పాలి. విసుక్కోకండి, నాకే విసుగ్గా ఉంది.

మిషన్‌లో రెండు పట్టికలు ఉండేవి. ఒకదానిలో పనివాళ్ళందరి పేర్లు. రెండో దానిలో సెలవులు. టైమాఫీసు నుంచి సెలవు చీటీయో నాగా చీటీయో వస్తేనే ఆ రెండో పట్టికలో మనిషి పేరు ఎక్కేది. ఎస్.క్యూ.ఎల్. అనే భాషలో నాలుగు వరసలు రాస్తే ఈ రెండింటినీ కలిపి, ఎవరెన్ని సెలవులు పెట్టారో చెప్పేది. మామూలుగా కలిపితే రెండు పట్టికల్లోనూ ఉన్నవాళ్ళే వస్తారు. రెండో దానిలో లేనివాళ్ళు కూడా రావాలంటే కలిపే వరసలో ఒక కూడిక గుర్తు పెట్టాలి. అప్పుడు వాళ్ళ పేరు వస్తుంది, పక్కన సెలవుల గడి ఖాళీగా ఉంటుంది. ఆ కూడిక గుర్తు సంగతి మా గదిలో నాకొక్కదానికే తెలుసు. మేనేజరుకు కూడా తెలియదు. ఆ ఏడు పర్మినెంటు చేయదగ్గ టెంపరరీ వాళ్ళ జాబితా అడిగారు. నేను అది పెట్టి, మొదటి జాబితా తీసి, ఇంత పొడుగు కాగితం పట్టుకెళ్ళి చూపించాను. ఎంత పొంగిపోయానో! ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మేనేజరు కాగితం చూసి ముఖం చిట్లించాడు. "గీ ఖాళీలు ఏందమ్మా? పెద్దసార్ ముంగట గిట్ల పెడితే బాగుంటదా? పదిహేను దినాల కంటె ఎక్కువ నాగా పెట్టినోళ్ళను తీసెయ్యి. పాతోళ్ళనే ఉంచు. సాఫ్‌గ రావాలె."

నేను వచ్చి చివర రెండు షరతులు చేర్చాను. పని మొదలుపెట్టి ఇన్నేళ్ళయి ఉండాలి. సెలవులు పదిహేనుకు మించకూడదు. నడిపించాను. జాబితా వచ్చింది. ఒక్క ఖాళీ కూడా లేదు, అద్దంలా ఉంది. కొత్తగా చేరినవాళ్ళ పక్కనే ఖాళీలు ఎక్కువగా ఉండేవి కాబట్టి, కొత్తవాళ్ళు పోయారు, వాళ్ళతో ఖాళీలూ పోయాయి అనుకున్నాను. ఎంత తేలిగ్గా అనుకున్నాను! ఒక్కసారి కూడా పేర్లు చదవలేదు. మేనేజరు సంతోషంగా తీసుకెళ్ళాడు. మర్నాడు గేటు దగ్గర బోర్డుకు అంటించారు.

మొగులయ్య పేరు లేదు.

ఎందుకు లేదో చెబుతాను. ఊరందరినీ బంతిభోజనానికి పిలిచారనుకోండి. విస్తరి అందినవాడూ అందనివాడూ అందరూ కూర్చోవచ్చన్నారు. ఆ కూడిక గుర్తు చేసే పని అదే. తీరా అందరూ కూర్చున్నాక ఒకడు వచ్చి, విస్తట్లో లడ్లు పదిహేను దాటనివాళ్ళే ఉండండి, మిగతావాళ్ళు లేవండి అన్నాడు. విస్తరే లేనివాడి దగ్గరికి వచ్చేసరికి వీడు ఏం లెక్కపెట్టాలి? లడ్లు లేవు కదా, సున్నా, పదిహేను దాటలేదు, ఉండనీ అని మనిషైతే అనుకుంటాడు. మిషన్ అనుకోదు. లేనిదాన్ని పదిహేనుతో పోల్చమంటే అది అవుననదు, కాదనదు. అవునని తేలనివాణ్ణి లేపేస్తుంది. పై వరసలో నేను చాలా తెలివిగా కూర్చోబెట్టిన మనిషిని కింది వరసలో నేనే లేపేశాను. ఒక్క సెలవు పెట్టినవాడు ఉన్నాడు, పద్నాలుగు పెట్టినవాడు ఉన్నాడు, అసలు పెట్టనివాడు పోయాడు.

ఆ సాయంత్రం రైల్లో మొగులయ్య ఖాళీ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అనంతయ్యే "రేపు కార్డులు దీస్త ర, చూద్దాం" అంటున్నాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. అప్పటికి నాకింకా తెలియదు. ఏదో చీటీ తప్పుగా వచ్చి ఉంటుందిలే అనుకున్నాను. అనంతయ్య మీద అనుమానం మొదట వచ్చింది నాకే అన్నమాట. ఇది కూడా ఒప్పుకోవాలి.

మర్నాడు పొద్దున వెళ్ళగానే మొగులయ్య నంబరుతో వెతికాను. పనివాళ్ళ పట్టికలో ఉన్నాడు. సెలవుల పట్టికలో లేడు. నేను రాసిన వరసలు మళ్ళీ చదివాను. తర్వాత అర్థమైంది. సరే, దిద్దుదాం అనుకున్నాను. పై వరసలో కూడిక గుర్తు ఉంది, కింది షరతుకు పెట్టలేదు, అదే లోపం, పెట్టేస్తే పోతుంది అనుకున్నాను. పెట్టాను. మొగులయ్య వచ్చాడు. అతనితోపాటు కిష్టప్ప కూడా వచ్చాడు.

కిష్టప్ప అంటే జీతాల రోజు తప్ప కనిపించని మనిషి. సేడం వైపు వాడు, పొలం పనులు అయ్యాక తీరిక ఉంటే కార్ఖానాకు వచ్చేవాడు. వాడి పేరు పక్కన సెలవుల గడి ఖాళీ! ఒక్క రోజూ నాగా పెట్టనివాడిలా కూర్చున్నాడు. వాడే కాదు, వాడిలాంటి దొంగలందరూ వచ్చేశారు. నాకు ఏడుపొచ్చింది. గుర్తు అక్కడ పెడితే ఏమవుతుందంటే, లడ్లు ఎక్కువ తిన్నవాడి విస్తరి ముందే ఎత్తేసి, వాణ్ణి మాత్రం బంతిలో ఉంచినట్టవుతుంది. చూసేవాడికి పాపం వీడేం తినలేదనే కనిపిస్తుంది. పెట్టకపోతే ఒక్క సెలవూ లేనివాడు పోతున్నాడు, పెడితే పనిదొంగలు వస్తున్నారు. ఇదేం ఖర్మ! నాకు తెలుసని ఊరంతా చెప్పుకున్న ఆ గుర్తు నాకు సరిగ్గా తెలియదు. నాకు అసలు తెలియనిది అదేనని ఆ పూట తేలింది.

సరిగ్గా అప్పుడు వాళ్ళిద్దరూ వచ్చారు.

మొగులయ్య చెప్పులు బయట విడిచి, కాళ్ళ దుమ్ము లుంగీ అంచుతో తుడుచుకుని గడప దగ్గరే ఆగాడు. అనంతయ్య చేతిలో హాజరు కార్డుల కట్ట. పక్క టేబులు దగ్గర మేనేజరు ఉన్నాడు. ముందురోజే అతను పెద్దసారుతో, వారం పట్టే పనిని మా కంప్యూటర్ ఒక్కపూటలో తేల్చిందని చెప్పుకుని వచ్చాడు.

"అమ్మా, జర నా పేరు చూడున్రి" అన్నాడు మొగులయ్య. "ఒక్క దినం సుట్టి పెట్టలే నేను. నా పేరెట్ల రాలే?"

"కార్డులన్ని తెచ్చిన మేడం, ఒక్క నాగా లేదు. మీరే చూడున్రి" అన్నాడు అనంతయ్య.

మేనేజరు తలెత్తాడు. "ఏమైందమ్మా? ఏమన్న గల్తీ ఉన్నదా?"

తెర మీద కిష్టప్ప పేరు ఇంకా ఆకుపచ్చగా మెరుస్తోంది. నేను దాన్ని తుడిచేశాను. తుడిచి, "గల్తీ ఏం లేదు సార్" అన్నాను. మొగులయ్య వైపు తిరిగాను. రైల్లో రోజూ అన్నా అని పిలిచే మనిషిని ఆ పూట అన్నా అనలేదు. "కంప్యూటర్ తప్పు చెయ్యదు. టైమాఫీసు నుంచి ఏం వస్తే అదే ఎక్కిస్తం. ఎక్కించిందే బయటికొస్తది" అన్నాను.

మొగులయ్య మెల్లగా బావ వైపు తిరిగాడు. "ఏం పంపినవ్ బావా?"

"ఏం పంపలే ర. నువ్వు సుట్టే పెట్టకపోతివి, ఏం పంపాలె?"

ఆయన చెప్పింది అక్షరాలా జరిగిందే. ఏమీ పంపలేదు. పంపవలసింది ఏమీ లేదు. అందుకే పేరు పోయింది. ఆ గదిలో ఆ మాట నాకొక్కదానికే అర్థమైంది. మిగతా అందరికీ అది తప్పించుకునే మాటలా వినిపించింది. మేనేజరు నవ్వి, "ఇప్పుడు కార్డులు తెచ్చి చూపిస్తే ఏం ఫాయిదా అనంతయ్యా? మాకు పంపినప్పుడు చూస్కోవాలె" అన్నాడు. అనంతయ్య నా వంక చూశాడు. కోపంగా కాదు. నేను ఇంకేమైనా అంటానేమో అని ఎదురుచూస్తున్నట్టు. నేను కాగితాలు సర్దుకున్నాను.

ఆ ఏడాది పర్మినెంటు అయినవాళ్ళలో అనంతయ్య తమ్ముడు కూడా ఉన్నాడు. ఇక చెప్పేదేముంది? లోడింగు వాళ్ళంతా నోళ్ళు నొక్కుకున్నారు. సొంత తమ్ముణ్ణి ఎక్కించడానికి బామ్మర్ది పేరు మీద దొంగ చీటీ పంపాడని మధ్యాహ్నానికల్లా కార్ఖానా అంతా నమ్మింది. మొగులయ్య మొదట నమ్మలేదట. తర్వాత నమ్మాడు. మిషన్‌కు ఎవరిమీదా పగ ఉండదు, మనుషులకే ఉంటుంది అనుకున్నాడు పాపం. అలా అనుకోవడానికి కావలసింది నేనే ఇచ్చాను.

తర్వాత ధారూరులో ఇద్దరూ వేరే వేరే పెట్టెల్లో ఎక్కడం మొదలుపెట్టారు. మొగులయ్య చేతిలో డబ్బా లేదు. అక్క కట్టింది వద్దని తిప్పి పంపాడట. అనంతయ్య మా పెట్టెలోనే ఎక్కి, నా ఎదురుగా కాకుండా తలుపు దగ్గర నిలబడేవాడు. రైల్లో ఆయన డబ్బా తెరవడం మళ్ళీ చూడలేదు.

కొన్నాళ్ళకే దిద్దే దారి దొరికింది. రైల్లో కూర్చుని ఉండగానే తట్టింది. ఖాళీని ముందు సున్నా చేయమని చెప్పాలి, ఆ తర్వాతే పదిహేనుతో పోల్చమనాలి. సెలవు పెట్టనివాడు ఉంటాడు, కిష్టప్ప పోతాడు. ఇంత చిన్నది. వెళ్ళి నడిపిస్తే పాత జాబితాకు ఒక్క పేరే కొత్తగా చేరింది. మొగులయ్య.

అప్పుడు చెప్పి ఉండాల్సింది. ఏమయ్యేది? మేనేజరు ఒక పూట అరిచేవాడు. పెద్దసారు దగ్గర అతనికి కాస్త చిన్నతనం అయ్యేది. ఇంకో కాగితం టైపు చేసి అంటించేవారు. నా ఉద్యోగం పోయేదా? పోయేది కాదు. ఎన్నోసార్లు నన్ను నేను అడిగాను, పోతుందని భయపడ్డావా అని. భయపడ్డానని చెప్పుకుంటే కాస్త హాయిగా ఉంటుంది, భయపడ్డవాళ్ళ మీద ఎవరికైనా జాలి కలుగుతుంది. కానీ అది కాదు. కూడిక గుర్తు నాకొక్కదానికే తెలుసని అందరి ముందూ గొప్పలు పోయాను కదా, అది నాకు సగమే తెలుసని ఒప్పుకోవాలంటే ప్రాణం పోయినట్టనిపించింది. అంతే కారణం. ఇంతకంటే పెద్ద కారణం ఉంటే బాగుండునని ఎంత వెతికినా దొరకలేదు.

పాప పుట్టువెంట్రుకలు వికారాబాదు పక్కన అనంతగిరి గుట్ట మీద తీశారు. ఇన్ని జరిగినా అనంతయ్య నన్ను పిలిచాడు. నేను వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో నాకే తెలియదు, వెళ్ళకపోతే అనుమానిస్తారని కావచ్చు. అంత లెక్కలు వేసేదాన్ని. మంగలి నీళ్ళు పక్కన పెట్టుకుని, కత్తి నూరుకుని కూర్చున్నాడు. పాపను బాలమణి ఎత్తుకుని మెట్ల వైపు చూస్తోంది. మేనమామ రావాలి. "వస్తడు, నా తమ్ముడు రాకుంటె ఎట్ల" అంటోంది. ఎవరో వచ్చి, ధారూరు స్టేషన్లో మొగులయ్య తాండూరు రైలెక్కడం చూశామన్నారు. డ్యూటీకి పోయాడు. బాలమణి కొంగుతో పాప మూతి తుడిచింది, అంతకుముందే తుడిచిన మూతి. చివరికి ఎవరో వరసకు మేనమామ అయ్యే ఒకతన్ని కూర్చోబెట్టి కానిచ్చారు. కొత్త మనిషి ఒడిలో పాప గుక్కపట్టి ఏడ్చింది.

నేను అక్కడే నిలబడి ఉన్నాను. బాలమణికి నాలుగడుగుల దూరంలో. నోరు తెరిస్తే చాలు. తెరిచాను, అన్నం తిన్నాను, పాప చేతిలో రూపాయి పెట్టి వచ్చేశాను. ఆ అన్నం ఎలా దిగిందో ఇప్పటికీ నాకు అంతుబట్టదు.

అసలు ఘోరం ఇంకా మిగిలి ఉంది.

మరుసటి ఏడాది మళ్ళీ జాబితా అడిగారు. ఈసారి ఎవరికీ చెప్పకుండా ఖాళీని సున్నా చేసే మాట పెట్టాను. మొగులయ్య పేరు వచ్చింది, పక్కన సున్నా. అప్పటికీ సెలవు పెట్టలేదు మరి, ఎవరికోసం పెడతాడు? మేనేజరు వేలు పెట్టి చూపించి "గీ సున్నా ఏంది?" అన్నాడు. "సెలవు పెట్టలేదు సార్" అన్నాను. "మంచోడు" అన్నాడు. పోయినేడు ఈ మంచివాడు ఏమయ్యాడని అడగలేదు. అడిగితే చెప్పేసేదాన్నేమో. అబ్బే, చెప్పేదాన్ని కాదు, ఇంకో అబద్ధం అల్లేదాన్ని.

నాలో నేను ఏమనుకున్నానో తెలుసా? దిద్దేశాను, ఒక ఏడాది ఆలస్యమైంది, అయితేనేం, అతనికి రావలసింది వచ్చింది, ఇక బావతో కలిసిపోతాడు అనుకున్నాను. తప్పు చెప్పకుండానే తప్పు పోతుందనుకున్నాను.

మొగులయ్య స్వీట్ల డబ్బా తీసుకుని మా గదికి వచ్చాడు. మళ్ళీ గడప దగ్గరే ఆగాడు. నాకొకటి ఇచ్చి అన్నాడు, "మీరు అప్పుడే చెప్పిన్రు అమ్మా, ఎక్కించిందే బయటికొస్తదని. మా బావను టైమాఫీసు నుంచి తీసి స్టోర్ల ఏసిన్రు గద. ఇప్పుడు సూడున్రి, నా పేరొచ్చింది."

నాకు ఒక్క నిమిషం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. నిజమే, ఆ గొడవ తర్వాత అనంతయ్యను టైమాఫీసు నుంచి మార్చారు. ఆయన లేని ఏడాది పేరు వచ్చింది. ఇంకేం సాక్ష్యం కావాలి? అంతవరకు మొగులయ్య మనసులో ఏ మూలో కొంచెం అనుమానం ఉండి ఉంటుంది, బావ చేశాడో లేదో అని. దాన్ని కూడా నేనే తీసేశాను. నేను చాటుగా దిద్దినందుకే అనంతయ్య దొంగ అని ఖాయమైపోయింది. చెప్పి దిద్ది ఉంటే నేను ఒక్కదాన్నే నవ్వులపాలయ్యేదాన్ని. దిద్దకుండా ఉన్నా బాగుండేదేమో. చెప్పకుండా దిద్దడం ఉంది చూశారూ, దానంత నీచం ఇంకోటి లేదు.

స్వీటు చేతిలో ఉంది. తిన్నాను. "మంచిదన్నా" అన్నాను. ఈసారి అన్నా అని పిలిచాను.

మర్నాడు గేటు దగ్గర చూశాను. మొగులయ్య పర్మినెంటు వాళ్ళతో కలిసి తిన్నగా లోపలికి నడిచాడు. వాచ్‌మన్ ఆపలేదు. ఆపి చూడడానికి అతని చేతిలో డబ్బా లేదు. మధ్యాహ్నం క్యాంటీనులో ఒక్కడే కూర్చుని తిన్నాడు.

ఆ తర్వాత కొద్దికాలానికే పెళ్ళయి నేను ఆ ఉద్యోగం మానేశాను. వాళ్ళు కలిశారో లేదో తెలియదు. కనుక్కోలేదు. ధారూరు మీదుగా ఎన్నిసార్లు వెళ్ళానో, స్టేషను వస్తోందంటే కళ్ళు మూసుకుని నిద్ర నటించేదాన్ని. అంత వయసొచ్చీ, ఎవరికోసం ఆ నటన? పెట్టెలో నన్ను ఎరిగినవాడు ఒక్కడూ లేడు. ఆ పాపకు ఇప్పుడు పిల్లలు ఉండి ఉంటారు. మేనమామ ఎందుకు రాడని ఆమె ఎప్పుడో ఒకప్పుడు తల్లిని అడిగే ఉంటుంది. బాలమణి ఏం చెప్పిందో నేను ఊహించగలను, ఆ చెప్పింది నా అబద్ధమే.

మీరు నన్ను క్షమించాల్సిన పనిలేదు. మీరెవరు క్షమించడానికి? కోపం తెచ్చుకోకండి, నా మీద చిరాకు మీ మీద చూపిస్తున్నాను. ఇంతవరకు రాసేసరికి ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. అది కూడా నాకు నచ్చడం లేదు. తేలికపడాల్సింది నేను కాదు కదా. అయినా పడుతోంది, దాచనెందుకు.

ఆ రోజు గడప దగ్గర అనవలసిన మాట ఇప్పుడు అంటున్నాను. వాళ్ళిద్దరూ ఎదురుగా నిలబడ్డారనుకుని అంటున్నాను.

మొగులన్నా, మీ బావ దొంగ చీటీ పంపలే. నువ్వు సుట్టి పెట్టలేదు గనుక ఆయన ఏం పంపలే. ఆయన చెప్పింది నిజం. నీ పేరు తీసేసింది నేను. నువ్వు గడప దగ్గరికి రాకముందే నాకు తెలుసు.